రెండు మరణాలు: నాటకంలో పురుషత్వం

అమెరికా ఆధునిక నాటకంలో పురుషుడు తనకంటె పెద్దదైన కొలతకు నిలువబోయి కూలినవాడు. 1947లో టెనెసీ విలియమ్స్ సృష్టించిన స్టాన్లీ కోవాల్‌స్కీ ఆ కొలతను కండబలంతో అందుకోజూచినాడు. 1949లో ఆర్థర్ మిల్లర్ సృష్టించిన విల్లీ లోమన్ మాటలతో అందుకోజూచినాడు. విల్లీ 63 ఏండ్ల సేల్స్‌మన్. అమ్మకాలను గూర్చి భార్యకు, ప్రతిష్ఠను గూర్చి కొడుకులకు, తుదకు తనకు తానే అబద్ధం చెప్పుకొన్నాడు. ఉద్యోగం పోయిన పిమ్మట, తన ప్రాణంకంటె 20,000 డాలర్ల బీమా సొమ్మే కుటుంబానికి విలువైనదని ఎంచి మరణించినాడు.

మగవానికి మగతనం దేనివల్ల సిద్ధించును? ఈ ప్రశ్నకే తెలుగునాటికి పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ రంగస్థలం వేరొక సమాధానం చెప్పినది. 1923లో రాయపూర్‌లో జన్మించిన హబీబ్ తన్వీర్ లండనులో నాటకశిక్షణ పొందియు, తన నాటకానికి భాషను సొంతగడ్డపై 'నాచా' కళాకారుల నోటనే వెదకినాడు. 1973లో రాయపూర్‌లో వారితో జరిపిన శిక్షణశిబిరం నుండి 'గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్' అవతరించినది. అందులో ధనికుడైన వృద్ధునికి కట్టబెట్టిన పడుచును ఆమె ప్రియుడు ఉపాయంతో దక్కించుకొంటాడు. 1897లో అచ్చైన 'కన్యాశుల్కం' ఎరిగిన తెలుగు పాఠకునకు ఆ వృద్ధుడు కొత్తవాడు కాడు. ధనం భర్తృస్థానాన్ని కొనగలదు, మగతనాన్ని కొనలేదు.

1975 నాటి 'చరణ్‌దాస్ చోర్' ఈ భావాన్ని ఇంకను లోతునకు గొనిపోయినది. విజయ్‌దాన్ దేథా చెప్పిన రాజస్థానీ జానపదకథ దీనికి మూలం. బంగారు పళ్లెంలో తిననని, ఏనుగుపై ఊరేగనని, రాణిని పెండ్లాడనని, రాజు కానని ఒక దొంగ గురువు ఎదుట పరిహాసంగా ప్రతిజ్ఞలు చేసినాడు. గురువు కోరగా అసత్యమాడనని ఐదవ మాట ఇచ్చినాడు. రాణి ఆ నాలుగింటిని అతని ముందుంచినది, అతడు కాదన్నాడు. జరిగినది దాచుమన్నది, దాచలేనన్నాడు. ఆ మాటకే ప్రాణమిచ్చినాడు. 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఈ ప్రదర్శనకు ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం లభించినది.

ఒకడు అబద్ధాన్ని విడువలేక మరణించినాడు, వేరొకడు సత్యాన్ని విడువలేక. ఇంతమాత్రాన విల్లీని తక్కువ చేయరాదు. చరణ్‌దాసుకు ఆలుబిడ్డలు లేరు, అప్పు లేదు. విల్లీ ఇంటి చివరి కిస్తు చెల్లినది అతని అంత్యక్రియల నాడే. దొంగకు సాధ్యమైన సత్యం గృహస్థునకు ఏల దుర్లభమైనది? మిల్లర్ అడిగిన ప్రశ్న ఇదే. రాయపూర్ బిడ్డ దానికి ఉత్తరం చెప్పలేదు. సత్యానికి సింహాసనం విధించిన వెలను మాత్రం చూపినాడు.