మూడో రోజు పొద్దున

సోమవారం రాత్రి పదకొండు. పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో స్ట్రెచర్ పక్కన నిలబడి ఉన్నారు మీరు. డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఒళ్లు పెనంలా కాలుతోంది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. బీపీ 80కి పడిపోయింది. కొడుకు చేతిలో సగం వాడిన సిప్రోఫ్లాక్సాసిన్ షీటు. "మూత్రంలో మంటంటే ఆర్‌ఎంపీ ఇచ్చాడు డాక్టరమ్మా. రెండ్రోజులు వేసుకుంది, కాస్త తగ్గగానే మానేసింది."

యాంటీబయాటిక్ గంటలోపు పడాలి. అయినా హౌస్‌సర్జన్ ముందు అందుకున్నది ఇంజెక్షన్ కాదు, కల్చర్ బాటిళ్లు. మోచేతి దగ్గర చర్మం తుడిచి, ఆరేదాకా ఆగింది. ఆ అర నిమిషం మీకు గడవదు. రెండు చేతుల నుంచీ రక్తం తీసి బాటిళ్లలోకి ఎక్కించాకే మెరోపెనెం పెట్టింది. మందు ముందు పడితే రక్తంలో క్రిమి దొరక్కపోవచ్చు. అది దొరక్కపోతే ఆ తర్వాత వైద్యమంతా చీకట్లో తడుములాటే.

గురువారం పొద్దున. మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఇంకుబేటర్ తలుపు తీయగానే వెచ్చటి వాసన. అరచేతిలో ఇమిడే ప్లేటు మీద పల్చటి మీగడలా పరుచుకుంది, పెద్దావిడ రక్తంలో దొరికిన ఈ-కోలై. దాని మీద చిన్న చిన్న కాగితపు బిళ్లలు, ఒక్కో దాంట్లో ఒక్కో మందు. సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్లను ఆనుకునే క్రిమి పెరిగింది. ఇంటి దగ్గర మింగిన మాత్రలకు అది లొంగే రకం కాదు. సెఫ్ట్రియాక్సోన్ బిళ్ల చుట్టూ మాత్రం తేటగా ఒక వలయం. టెక్నీషియన్ స్కేలు పెట్టి చూశాడు. "26 మిల్లీమీటర్లు. సెన్సిటివ్."

పక్క ప్లేటు వెంటిలేటర్ మీదున్న కుర్రాడిది. క్లెబ్సియెల్లా. మెరోపెనెంతో సహా ఏ బిళ్ల చుట్టూ వలయం లేదు, అంచు నుంచి అంచుకు జిగురే. ఇక మిగిలినవి కోలిస్టిన్ లాంటి చివరి మందులు, కిడ్నీలు దెబ్బతినొచ్చని తెలిసీ ఇవ్వాల్సినవి. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ అంకెను కళ్లారా చూడాలంటే, వలయం లేని ఈ ప్లేటు చూడాలి.

తొమ్మిదింటికి రౌండ్స్. జ్వరం దిగి, పెద్దావిడ ఇడ్లీ తింటోంది. ప్రొఫెసర్ మేడమ్ కేస్‌షీట్‌లో మెరోపెనెం కొట్టేసి సెఫ్ట్రియాక్సోన్ రాశారు. పక్కనే, "మొత్తం 7 రోజులు". కొడుకు ముఖం వాడిపోయింది.

"పెద్ద మందు ఆపేస్తున్నారేంటి మేడమ్? డబ్బులకైతే బయట కొనుక్కొస్తాను."

"డబ్బుల సంగతి కాదు బాబూ. ఆ రాత్రి ఏ క్రిమో తెలీదు, అందుకే పెద్దది పెట్టాం. ఇప్పుడు తెలిసింది, దీనికి ఇది చాలు. అవసరం తీరాక కూడా పెద్దది ఇస్తూ పోతే ఒంట్లో మిగతా క్రిములు దానికి లొంగడం మానేస్తాయి. రేపు అమ్మకే అది అవసరమైతే పనిచేయొద్దూ?"

అతను తల్లి వైపు చూసి తలూపాడు.

పక్క మంచం మీద డెంగీ. రాత్రి ఎవరో రాసిన యాంటీబయాటిక్‌ను మేడమ్ అక్కడా కొట్టేశారు. వైరస్‌ను అది ఏమీ చేయలేదు.

బయటికొస్తుంటే క్యాజువాల్టీలో ఇంకో స్ట్రెచర్, ఇంకో జ్వరం. హౌస్‌సర్జన్ చర్మం తుడిచి, ఆరడం కోసం ఆగింది. ఈసారి ఆమెతోపాటు మీరూ ఆగారు.