పంటను నిలుపుకొను పరపతి

నేడు గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాలుగా నున్న మైదానములో ప్రత్తి, మిరప పండించుట యొక విద్య. పండినదానిని అమ్ముట వేరొక విద్య. కోతల దినములలో సరుకు వెల్లువవలె సంతకు వచ్చును, ధర క్రుంగును. కొన్నాళ్లు ఆగినచో మేలైన ధర రావచ్చునని రైతెరుగును. కాని కౌలు ఆగదు, కూలి ఆగదు, పాత బాకీ ఆగదు. విత్తనములకు, ఎరువులకు ముందుగా సొమ్మిచ్చిన వర్తకుడు పంటను తనకే తూచవలెనని కట్టడి చేసియుండును. ఇట్టి రైతునకు ఆగగల శక్తిని కల్పించుటకు రిజర్వు బ్యాంకు సహకార సంఘముల ద్వారా చేసిన యత్నమును ఇచట మేము వివరింపదలచితిమి.

1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టములోని 17వ విభాగము వ్యవసాయపు ఋతుకార్యములకును, పంటల విక్రయమునకును పరపతి నిచ్చుటకు వీలు కల్పించెను. అయితే బ్యాంకు నేరుగా రైతునకు అప్పీయదు. ప్రామిసరీ నోటుపై నమ్మదగిన రెండు సంతకము లుండవలెను. అందొకటి షెడ్యూల్డు బ్యాంకుదో, రాష్ట్ర సహకార బ్యాంకుదో కావలెను. అచటినుండి సొమ్ము జిల్లా కేంద్ర బ్యాంకునకు, ఆపై గ్రామసంఘమునకు దిగివచ్చును. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడువరకు మన జిల్లాల కీ నిచ్చెన పైమెట్టు మదరాసులో నుండెను.

ఆ నోటునకు తొలుత విధించిన గడువు తొమ్మిది నెలలు. ఆషాఢమున తెచ్చిన అప్పునకు చైత్రమునాటికి గడువు నిండును. మిరప కల్లమునుండి సంతకు వచ్చునది ఇంచుమించు ఆ కాలముననే. అనగా, పంటకు సాయపడవలసిన అప్పే పంటను తొందరపడి అమ్మించుటకు కారణము కాగలదు. 1951లో చట్టమును సవరించి గడువును పదునైదు నెలలు చేసిరి. ఆ యేడు నవంబరులో బ్యాంకు రేటు నూటికి 3 నుండి 3½కు పెరిగినను, వ్యవసాయ పరపతిపై రాష్ట్ర సహకార బ్యాంకులనుండి 1½ వడ్డీయే తీసికొనిరి. మెట్టు మెట్టునకు ఖర్చులు కలియుటచే గ్రామమునకు చేరునప్పటికి అది హెచ్చెడిది.

1951లో గోర్వాలా అధ్యక్షతను ఏర్పడి 1954లో నివేదిక సమర్పించిన గ్రామీణ పరపతి పరిశీలన సంఘము కఠోర సత్యమును బయటపెట్టెను. దేశమున రైతుల అప్పులో సహకార సంఘములు సమకూర్చినది నూటికి 3 వంతులే. వడ్డీవ్యాపారులు సమకూర్చినది సుమారు 70 వంతులు. అప్పును, అమ్మకమును ఒకే త్రాట కట్టవలెనని ఆ సంఘము సూచించెను. గ్రామసంఘము అప్పిచ్చును, పట్టణములోని విక్రయ సంఘము సరుకమ్మి, బాకీ మినహాయించి, మిగులు రైతు చేతిలో పెట్టును. 1956లో రిజర్వు బ్యాంకు 10 కోట్ల రూపాయలతో దీర్ఘకాలిక నిధి నెలకొల్పెను. ఆ సంవత్సరమే గిడ్డంగుల చట్టము వచ్చెను. 1957లో ఆంధ్రప్రదేశమున మార్క్‌ఫెడ్ ఏర్పడెను.

విక్రయ సంఘమునకు తెచ్చిన సరుకును తూచి, రకము నిర్ణయించి, గిడ్డంగిలో నుంచి, దాని విలువలో కొంత భాగమును అప్పుగా నిత్తురు. మిగిలిన భాగము ధర పడిపోయినచో అప్పిచ్చినవారికి రక్ష. మంచి ధర వచ్చిన దినమున అమ్మి, అసలు, వడ్డీ, గిడ్డంగి అద్దె మినహాయింతురు. కాని మిరప చెమ్మ తగిలిన రంగు చెడును. ప్రత్తికి నిప్పు భయము. కావున గిడ్డంగి లేనిచోట ఈ నిబంధన కాగితముపై మాటయే.

నిబంధన ఎరుగనివి మరి రెండు కలవు. ఒకటి, వర్తకునికి ముందే కట్టుబడిన పంట సంఘపు గడప తొక్కదు. రెండవది, పట్టా లేని కౌలుదారునకు సంఘమున అప్పు పుట్టుట దుర్లభము. నాగార్జునసాగరు కుడి కాలువ క్రింద ప్రత్తి విస్తరించిన పిమ్మట, 1987-88లో తెల్లదోమ ఆ పైరును నాశనము చేసెను. ప్రకాశము, గుంటూరు జిల్లాలలో పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. తాకట్టునకు సరుకుండవలెనను నియమము మంచిదే. పంటయే లేని రైతు ఏమి తాకట్టు పెట్టును?

1982లో వ్యవసాయ పరపతి బాధ్యత నాబార్డునకు సంక్రమించెను. గిడ్డంగి రసీదు చేతులు మారదగిన పత్రముగా చెల్లుటకు 2007లో కేంద్రము చట్టము చేసెను. 2011లో మన రాష్ట్రము కౌలుదారులకు ఋణార్హత పత్రములిచ్చు శాసనము తెచ్చెను. సరుకును గుర్తించిన శాసనము 1934 నాటిది. కౌలుదారుని గుర్తించినది 2011 నాటిది. ఈ రెంటి నడుమ డెబ్బది యేడేండ్లు గడచినవి. పరపతి నియమము మంచిదో కాదో తెలిసికొనుటకు మాకు తోచిన గీటురాయి ఒక్కటే: మిరప బస్తాతో సంతకు వచ్చిన కౌలురైతు తొలిధర విని, “నేడమ్మను” అని చెప్పగలుగునా?