కొల్లేటి సీమలో సువార్త: చెప్పినవారి చరిత్ర

కృష్ణా, గోదావరి డెల్టాల నడిమి పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లు అందులో చేరి, ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతానికి పోతాయి. సరస్సుకు ఉత్తరాన ఏలూరు, ఏలూరుకు తూర్పున తాడేపల్లిగూడెం. గుంటుపల్లి బౌద్ధ గుహలు, వేంగి రాజధాని అయిన పెదవేగి ఈ సీమలోవే. ఎన్నో మతాల బోధలు విన్న ఈ నేల మీద ప్రొటెస్టెంటు సువార్త 19వ శతాబ్దం రెండో పాదంలో మొదలైంది. దొరల పేర్లు, మిషను సంఘాల పేర్లు పుస్తకాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. కానీ ఒక పల్లె నుంచి మరో పల్లెకు ఆ మాటను మోసుకుపోయినవారు చాలావరకు ఇక్కడి కూలీలు, పాలేర్లు, ఉపదేశులు, బైబిలు స్త్రీలు, భజనపరులు. జీతం కోసమో, ఆజ్ఞ వల్లనో మాత్రమే జరిగే పని ఇంత దూరం సాగదు. తాము పొందినదాన్ని పంచుకోవడంలో వారికి కలిగిన ఆనందమే ఈ చరిత్రను నడిపించింది.

తొలి అడుగులు

ఇంగ్లండులోని ఎక్సెటర్‌కు చెందిన దంతవైద్యుడు ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ పిలుపు అందుకుని విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో సహా 1836లో భారతదేశానికి వచ్చారు. ఇద్దరూ చేతివృత్తుల వారు. పెద్ద సంఘం అండ గాని, నిర్ణీత జీతం గాని వారికి లేవు. మొదట మచిలీపట్నంలో తెలుగు నేర్చుకుని, తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. వారు వేసిన పునాది మీదే గోదావరి డెల్టా మిషను పెరిగింది. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు వేలమంది కూలీలు ఒకచోట చేరారు. ఊరూరా తిరిగినా దొరకని శ్రోతలు అక్కడ దొరికారు. పని ముగిశాక ఆ కూలీలు విన్న మాటలతో సొంత ఊళ్లకు వెళ్లారు.

చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. నోబుల్ 1843లో పాఠశాల తెరిచి, అగ్రవర్ణాల పిల్లలకు చదువు చెప్పి వారి ద్వారా సమాజాన్ని చేరాలని చూశాడు. 1852లో అతని విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం తీసుకోగానే బడి దాదాపు ఖాళీ అయింది. నోబుల్ నమ్మిన దారిలో ఫలితాలు కొద్దిగానే వచ్చాయి, వచ్చినవి కూడా చాలా కాలానికి వచ్చాయి. ఫాక్స్ పల్లెల్లో తిరుగుతూ బోధించి, ఆరోగ్యం చెడి 1848లో మరణించాడు.

అదే సొసైటీ 1854లో ఏలూరులో కేంద్రం తెరిచింది. ఎఫ్. ఎన్. అలెగ్జాండర్ దశాబ్దాల పాటు ఏలూరునే తన ఊరుగా చేసుకుని పనిచేశాడు. తాడేపల్లిగూడెం వైపు పని లూథరన్లది. ఉత్తర జర్మనీ మిషనరీలు 1845లో రాజమండ్రిలో ప్రారంభించిన పనిని తర్వాత అమెరికా లూథరన్లు తీసుకున్నారు. 1869లో రాజమండ్రి క్షేత్రాన్ని ఇతరులకు అప్పగించే ఆలోచన జరిగినప్పుడు, గుంటూరులో 1842లో పని ప్రారంభించిన ఫాదర్ హేయర్ అమెరికాలో దానికి అడ్డుపడ్డాడు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు దాటాయి. ఆ వయసులో మళ్లీ ఓడెక్కి రాజమండ్రి వచ్చాడు. ఆ క్షేత్రం విస్తరించినప్పుడు భీమవరం, తాడేపల్లిగూడెం దానిలో కేంద్రాలయ్యాయి.

కాటన్ కాలువలు ఈ పనికి బాటలు వేశాయి. కృష్ణ నుంచి, గోదావరి నుంచి వచ్చే కాలువలు రెండూ ఏలూరు దగ్గర కలుస్తాయి. రోడ్లు బురదయ్యే ఆ రోజుల్లో పడవ మీద వారాల తరబడి ప్రయాణిస్తూ, రేవు రేవునా ఆగి బోధించడం మామూలైంది. కొల్లేటి లంకలకు వానాకాలంలో తాటి దోనెలే దారి. 1890లలో ఈ సీమ మీదుగా రైలు నడిచాక ఏలూరు, తాడేపల్లిగూడెం సంతలకు వచ్చే జనం పెరిగారు, సంతలో సువార్త వినేవారూ పెరిగారు.

బంధుత్వాల బాట

మిషనరీలు ఊహించని చోట మలుపు వచ్చింది. నందిగామ ప్రాంతంలోని రాఘవాపురం మాలపల్లెలో పగోలు వెంకయ్య అనే పెద్ద ఉండేవాడు. విగ్రహారాధన మీద నమ్మకం పోయి, ఒకే దేవుడున్నాడని విని, ఆ దేవునికి తనకు తెలిసిన రీతిలో ప్రార్థన చేసుకునేవాడు. బెజవాడలో మిషనరీ డార్లింగ్ ఉన్నాడని తెలిసి తానే వెతుక్కుంటూ వెళ్లాడు. 1859లో తనవాళ్లతో కలిసి బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత 1891లో చనిపోయేదాకా బంధువుల ఊళ్లన్నీ తిరిగి చెప్పాడు. ఎవరూ అతన్ని ఉద్యోగిగా నియమించి పంపలేదు.

అక్కడి నుంచి కృష్ణా, గోదావరి మండలాల్లో సువార్త బంధుత్వాల వెంట నడిచింది. పిల్లనిచ్చిన ఊరు, పిల్లను తెచ్చుకున్న ఊరు, కోతలకు వలసపోయిన ఊరు, సంతకు వెళ్లే ఊరు దాని మజిలీలు. పెళ్లిలో, చావులో, పంచాయితీలో కలిసినప్పుడు ఒక ఊరివాళ్లు మరో ఊరివాళ్లకు చెప్పుకునేవారు. పేట పెద్దలు కూర్చుని చర్చించి, అందరూ కలిసి ఉపదేశిని పంపమని కబురు చేసేవారు. ఒంటరిగా మారినవాడు కులానికి దూరమవుతాడు. పేట అంతా కలిసి వస్తే ఎవరూ ఒంటరి కారు. అందుకే ఈ మార్పు కుటుంబాలుగా, పేటలుగా జరిగింది.

ఇందులో ఆనందం దేనివల్ల కలిగిందో ఆనాటి సామాజిక స్థితి చెబుతుంది. ఊరికి బయట ఉండి, ఊరి బావికి చేరువ కాలేని మనిషికి, సృష్టికర్త తనను పేరు పెట్టి పిలిచాడన్న వార్త అంది వచ్చింది. తన పిల్లవాడు పలక పట్టుకుని అక్షరాలు దిద్దే రోజు వచ్చింది. ఈ వార్తను దాచుకుని ఊరుకోవడం అతని వల్ల కాలేదు. లూకా సువార్తలో యేసు పంపిన శిష్యులు ఇద్దరిద్దరుగా ఊళ్లకు వెళ్లి సంతోషంతో తిరిగి వచ్చారని ఉంది. పొరుగు పేటకు వెళ్లి వచ్చిన ఈ కూలీలు ఆ మాటల్లో తమనే చూసుకున్నారు.

ఉపదేశులు, బైబిలు స్త్రీలు

ఉపదేశి పల్లెలో బోధకుడు, బడి పంతులు, తగవు తీర్చే పెద్దమనిషి, దరఖాస్తు రాసిపెట్టే లేఖరి. పగలు పిల్లలకు బడి చెప్పేవాడు. పొలం పని నుంచి జనం తిరిగి వచ్చి కూడు తిన్నాక లాంతరు వెలిగించి ప్రార్థన జరిపేవాడు. చదువు రాని పెద్దలు పది ఆజ్ఞలను, ప్రభువు నేర్పిన ప్రార్థనను, విశ్వాస ప్రమాణాన్ని కంఠస్థం చేసి బాప్తిస్మానికి సిద్ధమయ్యేవారు. అలా నేర్చుకున్నవారే మరునాడు నాట్లలో, కుప్పనూర్పిళ్లలో పక్కవారికి చెప్పేవారు.

మగవారికి ప్రవేశం లేని ఇళ్లలోకి బైబిలు స్త్రీలు వెళ్లారు. వారిలో చాలామంది వితంతువులు, నడి వయసువారు. అరుగు మీద కూర్చుని కథలా చెప్పేవారు, పాట పాడేవారు, చదువుకోవాలన్న ఆడపిల్లకు అక్షరాలు నేర్పేవారు, జబ్బు చేసినవారి పక్కన కూర్చునేవారు. సంఘ రిజిస్టర్లలో వారి పేర్లు అరుదు. అయినా ఎన్నో ఇళ్లలో మొదటి ప్రార్థన వారు చేసిందే.

సంఘాల పోషణలో కూడా అదే ఉత్సాహం ఉండేది. అన్నం వండే ముందు ప్రతిసారీ గుప్పెడు బియ్యం వేరుగా తీసి గురువుగారి కోసం కుండలో వేసే అలవాటు తెలుగు సంఘాల్లో వ్యాపించింది. కోత కాలపు పండుగ నాడు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు గుడికి తెచ్చి అర్పించి, వాటిని వేలం వేసి ఆ సొమ్ము సువార్త పనికి ఇవ్వడం ఇప్పటికీ కనిపిస్తుంది. కూలి గింజల మీద బతికేవారు ఇలా ఇచ్చి, తమ పక్క ఊరికి ఉపదేశిని పంపించుకున్నారు.

పాట మోసిన మాట

1818 నాటికి కొత్త నిబంధన తెలుగులో అచ్చయింది, 1854లో పూర్తి బైబిలు వచ్చింది. కానీ చదవగలిగినవారు కొద్దిమందే. మిగతావారికి పాటే గ్రంథం. 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌధురి తెలుగు రాగాల్లో, తాళాల్లో రాసిన కీర్తనలు శాఖాభేదం లేకుండా అన్ని సంఘాల్లోకీ వచ్చాయి. ఆయన 1890లో మరణించే నాటికే అవి పల్లెల్లో నోటికి వచ్చిన పాటలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం బైబిలు తర్వాత ప్రతి ఇంట్లో ఉండే పుస్తకమైంది.

తాళాలు, డోలక్, తర్వాత హార్మోనియం చేరిన భజన బృందాలు సువార్తను సంతలకూ వీధులకూ తీసుకెళ్లాయి. హరికథ, బుర్రకథ పద్ధతుల్లో యేసు చరిత్ర చెప్పినవారున్నారు. క్రిస్మస్ ముందు రాత్రుల్లో యువకులు ఇంటింటికీ వెళ్లి పాడడం, మట్టల ఆదివారం నాడు తాటి మట్టలతో ఊరేగడం, పునరుత్థాన పండుగ తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి పాడడం ఈ సీమలో ఊరందరూ చూసే దృశ్యాలు. పాడేవారు సంతోషిస్తూ పాడారు కనుకనే వినేవారు ఆగి విన్నారు.

అజరయ్య, సాక్ష్య వారాలు

సామాన్య విశ్వాసుల సాక్ష్యాన్ని ఒక క్రమంలోకి తెచ్చినవాడు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి తమిళుడైన ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన పీఠం డోర్నకల్. 1920లలో కృష్ణా, గోదావరి ప్రాంతాల ఆంగ్లికన్ సంఘాలు కూడా ఆయన పాలన కిందకు వచ్చాయి. ఏలూరు సంఘాలు వాటిలో ఉన్నాయి.

అజరయ్య కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత తమ తల మీద తామే చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలు చెప్పిన మాటను పలికించేవాడు. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ సాక్షి అన్నది ఆయన బోధ. ఏటా ఒక వారాన్ని సాక్ష్య వారంగా నిర్ణయించాడు. ఆ వారంలో స్త్రీలు, పురుషులు గుంపులుగా పొరుగు ఊళ్లకు వెళ్లి, పాటలు పాడి, క్రీస్తు తమ జీవితంలో ఏం చేశాడో సొంత మాటల్లో చెప్పేవారు. తాగుడు మానామని, చచ్చిన పశువుల మాంసం మానామని, పిల్లలను బడికి పంపుతున్నామని వారు చెబితే, వినేవారికి కంటి ముందు రుజువు ఉండేది. 1930లలో శూద్ర కులాల కుటుంబాలు కూడా సంఘాల్లో చేరడానికి ముఖ్య కారణం ఈ దళిత క్రైస్తవుల జీవితాల్లో కనిపించిన మార్పే. 1945 జనవరి 1న అజరయ్య చనిపోయేనాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవుల సంఖ్య 2 లక్షలు దాటింది.

ఈ వృద్ధి మీద దేశవ్యాప్త చర్చ జరిగింది. 1935లో అంబేడ్కర్ హిందూమతం వదులుతానని ప్రకటించాక, సామూహిక మతమార్పిడులను గాంధీ తీవ్రంగా విమర్శించాడు. పేదవాడికి కూడా తన విశ్వాసాన్ని తానే ఎంచుకునే వివేకం ఉందని అజరయ్య నిలబడ్డాడు.

కొత్త పాయలు

ఆ దశకంలోనే ఈ సీమలో కొత్త పాయలు పుట్టాయి. కేరళ నుంచి వచ్చిన పి. ఎం. శామ్యూల్ పరిచర్యతో పెంతెకొస్తు బోధ వ్యాపించింది. ఇండియన్ పెంతెకొస్తు సంఘం 1935 డిసెంబరులో ఏలూరులోనే రిజిస్టరయింది. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను ప్రారంభించాడు. సువార్తికుడు భక్త్ సింగ్ సహవాసాల వారు వాక్య ఫలకాలు పట్టుకుని పాటలతో వీధుల్లో నడిచే సువార్త ఊరేగింపులను తెలుగు పట్టణాలకు పరిచయం చేశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఏలూరు ఆంగ్లికన్ సంఘాలు దాని కృష్ణా గోదావరి అధ్యక్ష మండలంలోకి వచ్చాయి. లూథరన్లు 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా కొనసాగారు. కథోలిక సంఘం కూడా పెరిగి, 1976 డిసెంబరు 9న ఏలూరు మేత్రాసనం ఏర్పడింది. దాని పరిధిలోని గౌరీపట్నం నిర్మలగిరి మరియమాత క్షేత్రానికి అన్ని మతాలవారూ వస్తారు.

చెల్లించిన వెల

ఈ ఆనందం ఖర్చు లేకుండా రాలేదు. బాప్తిస్మం పొందిన పాలేర్లకు పని నిరాకరించిన ఊళ్లున్నాయి. సంఘం లోపల కూడా కులం పోలేదు. మాలలు ముందు చేరిన చోట మాదిగలకు తావు దొరకడం కష్టమైంది, ఒకే ఊళ్లో రెండు గుళ్లు లేచాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేకుండా చేసింది. రాష్ట్రంలో వారు బీసీ-సి వర్గంలో ఉన్నారు.

రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి వ్యక్తికీ తన మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కునిచ్చింది. ప్రచారం అంటే తన విశ్వాస సిద్ధాంతాలను ఇతరులకు తెలియజెప్పడమే గాని, మరొకరిని మతం మార్చే హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొల్లేటి సీమ పల్లెల్లో నిలిచిన పద్ధతి కూడా అదే. బలవంతం, ప్రలోభం ఎక్కడున్నా అవి ఈ సాక్ష్యానికి మచ్చ. తెలిసిన మనిషి తెలిసిన మనిషికి, మారిన బతుకును చూపించి చెప్పిన మాటే తరాలు దాటింది.

ఈ చరిత్ర తేల్చి చెప్పేది ఒకటే. దొరల భవనాలు, పెద్ద సభలు సంఘానికి ఆసరా ఇచ్చాయి. సంఘాన్ని పెంచింది మాత్రం ప్రేమతో పొరుగు గుమ్మం తొక్కిన సామాన్యులు. వారి పేర్లు రాసి ఉంచే పని ఇంకా మిగిలి ఉంది. ప్రతి సంఘమూ తన తొలి ఉపదేశిని, తొలి బైబిలు స్త్రీని గురించి పెద్దలు బతికి ఉండగానే అడిగి రాసుకోవాలి.