బిలానికి దారి తెలిసినవాళ్లు

అహోబిలం పేరులోనే బిలం ఉంది. బిలమంటే గుహ. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ నుంచి వెళ్తే ముందు దిగువ అహోబిలం వస్తుంది. అక్కడి నుంచి 8 కిలోమీటర్లు నల్లమలలోకి పోతే ఎగువ అహోబిలం. ఉగ్ర నరసింహుడు కొలువైనది అక్కడి కొండగుహలోనే. గోపురం, మండపాలు తర్వాత కట్టినవి. గుహ మాత్రం ఎవరూ కట్టింది కాదు.

ఈ కొండకు 14వ శతాబ్దంలో మెట్లు కట్టించినవాడు ప్రోలయ వేమారెడ్డి. శ్రీకృష్ణదేవరాయలు వచ్చి కానుకలు సమర్పించినట్టు శాసనం ఉంది. పాఠాల్లో ఈ పేర్లు చెబుతాం, చెప్పాలి కూడా. అయితే మెట్లు లేనప్పుడు ఈ అడవిలో దారి ఎవరికి తెలుసు? వేటాడి, తేనె తీసి, గడ్డలు తవ్వుకుని బతికిన చెంచులకు. వాళ్ల పేరు మీద రాతి శాసనం లేదు.

అంటే ఆధారమే లేదని కాదు. మన ఆధారం ఆచారంలో ఉంది. నరసింహుడు చెంచు లక్ష్మిని పెళ్లాడాడు కనుక చెంచులకు ఆయన అల్లుడు, వాళ్ల ఓబులేసు. పావన నరసింహుడి దగ్గర చెంచుల మొక్కులు ఇప్పటికీ సాగుతున్నాయి. సంక్రాంతి తర్వాత పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకి సుమారు 40 రోజులు ఊరూరా తిరిగి, తన పెళ్లికి జనాన్ని పిలుస్తుంది. ఆ వేడుకలో చెంచులు విల్లంబులతో నిలబడతారు. పిల్లనిచ్చినవాళ్లుగా అది వాళ్ల హక్కు.

మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో ఆక్తున్ తునిచిల్ ముక్నాల్ అనే గుహ ఉంది. మాయా జాతివాళ్లు వెయ్యేళ్ల కిందట దేవతలకు అర్పించిన కుండలు అందులో నేటికీ నేలమీదే ఉన్నాయి. గైడ్ లేనిదే ఎవరినీ లోపలికి పోనివ్వరు. అక్కడ కుండలు సాక్ష్యం చెబుతాయి. మనకు ఆ సాక్ష్యం పెద్దవాళ్ల నోట ఉంది. కుండ నేలమీద వెయ్యేళ్లు ఉంటుంది, మాట మనిషితోనే పోతుంది.

జ్వాలా నరసింహుడి దారిలో, ఉక్కు స్తంభం దారిలో యాత్రికులకు ముందు నడిచే చెంచు యువకుడిని జనం కూలివాడిగానే చూస్తారు. అతను నడిచేది తాతల చరిత్ర మీద. ఉపాధ్యాయ మిత్రులారా, ఈ పని మనదే. గుండాలకు, బండలకు, చెట్లకు, కాలిబాటలకు చెంచు పెద్దలు వాడే పేర్లను పిల్లలతో అడిగించండి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో నోటు పుస్తకంలో రాయించండి. రాతి మీద లేని మన శాసనాన్ని కాగితం మీదైనా నిలబెడదాం.