వాటర్‌గేట్ విచారణ: ప్రసార భాండాగారం నుంచి విజ్ఞాన సర్వస్వానికి

అమెరికాలో 1967 నాటి పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం వాణిజ్య ప్రకటనలపై ఆధారపడని రేడియో, టెలివిజన్ కేంద్రాలకు సమాఖ్య నిధులు సమకూర్చింది గానీ, ప్రసారమైన కార్యక్రమాలను భద్రపరిచే భారం చాలాకాలం ఆయా కేంద్రాల మీదే ఉండిపోయింది; టేపు ఖరీదైనది కావడంతో పాతదాన్ని చెరిపి కొత్తది రికార్డు చేయడం ఆనాడు అరుదేమీ కాదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ కేంద్రం కలిసి నడుపుతున్న అమెరికన్ ఆర్కైవ్ ఆఫ్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్, మిగిలిన టేపులను డిజిటల్ రూపంలోకి మార్చి అందుబాటులోకి తెచ్చాక విజ్ఞాన సర్వస్వ రచయితలకు విలువైన ఆధారం దొరికింది.

ఉదాహరణకు, వాటర్‌గేట్ రాజకీయ కుంభకోణంపై 1973లో సెనేట్ సంఘం జరిపిన విచారణను పాత్రికేయులు రాబర్ట్ మాక్‌నీల్, జిమ్ లెహ్రర్‌ల వ్యాఖ్యానంతో పబ్లిక్ టెలివిజన్ ఆద్యంతం చూపింది; పగలు చూడలేనివారి కోసం రాత్రి మళ్లీ ప్రసారం చేసేది. అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ కార్యాలయంలో సంభాషణలను రహస్యంగా రికార్డు చేసే ఏర్పాటు ఉందని జూలై 16న శ్వేతసౌధ మాజీ అధికారి అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ వెల్లడించిన ఘట్టం అందులోనిదే. ఈ రికార్డింగు ప్రాథమిక ఆధారం, అంటే సంఘటనకు సమకాలికమైన సాక్ష్యం: ఎవరు ఏ రోజున ఏ మాట అన్నారో దీని నుంచి తీసుకోవచ్చు గానీ, ఆ మాట నిక్సన్ పతనానికి ఎంతవరకు దారితీసిందో నిర్ణయించడానికి చరిత్రకారుల గ్రంథాలే శరణ్యం. యంత్రం తయారుచేసిన లిఖిత ప్రతిలో పేర్లు తారుమారయ్యే అవకాశం ఉన్నందున, రికార్డింగును స్వయంగా విని సరిచూడకుండా ఉల్లేఖించడం దుస్సాహసమే.