నిద్రపుచ్చే వేరు

ఈమధ్య రాత్రుళ్లు సరిగా నిద్ర పట్టడం లేదని నోరు జారి ఎవరితోనో అన్నాను. అంతే! వారం తిరక్కుండా మా ఇల్లు మూలికల అంగడి అయిపోయింది. చిత్తూరు నుంచి మా వదిన అశ్వగంధ పొడి పంపింది. పక్కింటావిడ సరస్వతి ఆకు తెచ్చి పచ్చడి చేసుకోమంది. తిరుపతి పిన్ని జటామాంసి గురించి ఫోనులో అరగంట చెప్పింది.

అశ్వగంధ అంటే మన పెన్నేరు గడ్డే. దాని శాస్త్రీయనామంలో ‘సోమ్నిఫెరా’ అనే మాట ఉంది. నిద్ర తెచ్చేది అని అర్థమట. ఇన్ని వచ్చాయి గానీ, ఒకప్పుడు లోకాన్నంతా నిద్రపుచ్చిన సర్పగంధ మాత్రం ఎవరూ తేలేదు. ఆ పేరు వింటే నాకు మా మేనత్త గుర్తొస్తుంది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. భర్త పోయి పుట్టింటికొచ్చిన అత్త, రాత్రుళ్లు పెరట్లో తిరుగుతూ తనలో తను మాట్లాడుకునేది. ఇంట్లో మగవాళ్లు ఎవరినో పట్టుకుని ఒక వేరు తెప్పించారు. రోజూ నూరి పాలల్లో ఇచ్చారు. అత్త నిద్రపోయింది. కొన్నాళ్లకు పగలు కూడా స్తంభానికి ఆనుకుని కూర్చునే ఉండేది. పిలిస్తే పలికేది కాదు. ‘నెమ్మదించింది’ అని అందరూ సంతోషించారు. మా అవ్వ ఒక్కతే, “నెమ్మదించలేదురా, ఆరిపోయింది” అంది.

ఆ వేరు సర్పగంధ అని పెద్దయ్యాక తెలిసింది. పాతాళగంధి అని కూడా అంటారు. బీహారు పల్లెల్లో దీన్ని పిచ్చికి మందుగా అమ్మేవారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు, ఇది మతి చలించిన వాళ్లను శాంతపరుస్తుందనీ రక్తపోటు తగ్గిస్తుందనీ రాశారు. విదేశాల్లో పట్టించుకున్న వాళ్లు తక్కువ. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్, యాభై మంది రక్తపోటు రోగుల మీద తన అనుభవాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాక గానీ లోకం ఇటు తిరిగి చూడలేదు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ వాళ్లు ఆ వేరులోంచి రెసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. 1954లో న్యూయార్కులో నాథన్ క్లైన్ మానసిక రోగుల మీద దాని ప్రభావాన్ని ప్రకటించాడు. మూడేళ్లకు వకీల్‌కూ, క్లైన్‌కూ కూడా అమెరికాలో లాస్కర్ బహుమతి వచ్చింది. మన పల్లెటూరి వేరు ఎంత దూరం వెళ్లిందో చూశారా!

అయితే ఆ సంబరంలోనే ఇంకో సంగతి బయటపడింది. రక్తపోటు కోసం ఈ మందు వాడిన వాళ్లలో కొందరిని తీరని దిగులు ఆవరించింది. ఎందుకలాగ? 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ ఇచ్చి చూశాడు. అవి చెవులు వాల్చేసి కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా అనే మందు ఇస్తే కాసేపటికే లేచి కూర్చున్నాయి. మెదడులో డోపమైన్ లాంటి పదార్థాలు నిల్వ ఉండే గాదెల్ని రెసర్పిన్ ఖాళీ చేస్తుందన్నమాట. వణుకుడు జబ్బుకు ఎల్-డోపా వైద్యం రావడానికి ఈ పరిశోధనే దారి చూపింది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ కుందేళ్ల సంగతి చదివిన రాత్రి నాకు అసలు నిద్రే రాలేదు. స్తంభానికి ఆనుకున్న అత్తే కళ్ల ముందు కనిపించింది. మా అవ్వకు డోపమైన్ పేరు తెలీదు. కానీ నెమ్మదించడానికీ ఆరిపోవడానికీ తేడా తెలుసు.

వేరును తప్పు పట్టను. రెసర్పిన్ రక్తపోటుకు ఇచ్చేటప్పుడు మిల్లీగ్రాములో భాగాలుగా కొలిచి ఇస్తారు. దిగులు జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వరు. మా ఇంట్లో చేత్తో విరిచి, అందాజుగా నూరారు. ‘చెట్టు మందే కదా, ఏం చేస్తుంది’ అన్నారు. ప్రపంచాన్ని తిప్పిన మందు ఏమీ చెయ్యదా? అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఆమెకు నిద్ర ఎందుకు పట్టడం లేదో మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఇల్లు నిశ్శబ్దమైతే చాలనుకున్నారు. అత్త పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

సరస్వతి ఆకు పచ్చడి మాత్రం తిన్నాను, రుచిగానే ఉంది. పొడులూ కషాయాలూ డాక్టరుకు చూపించేదాకా డబ్బాలోనే ఉంటాయి. మొన్న వదిన ఫోను చేసి, “పొడి తాగతా ఉండావా లేదా?” అని కోప్పడింది.

“పొడి సంగతి తర్వాత గానీ, నువ్వొకసారి రా వదినా, రెండు రోజులుండి పో. మాట్లాడుకునేదానికి చానా ఉంది” అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “ఆదివారం బస్సుకొస్తా” అంది.