సూపర్‌ఛార్జర్ అమర్చిన కారు: మన్నికైన క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఎంచుకోవడం ఎలా?

కారుకు సూపర్‌ఛార్జర్ అమర్చి శక్తిని పెంచిన కొంతకాలానికే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవడం తరచుగా ఎదురయ్యే సమస్య. ఎంత ఖరీదైన కన్వర్టర్ తెచ్చి బిగించినా, మొదటిదాన్ని పాడు చేసిన కారణాన్ని సరిదిద్దకపోతే రెండోదీ నిలవదు. అందువల్ల ఎంపికను కన్వర్టర్‌తో కాక, ఇంజిన్‌తో మొదలుపెట్టాలి.

కన్వర్టర్ ఏం చేస్తుంది?

ఇంజిన్ నుంచి వెలువడే పొగ తేనెపట్టు వంటి దిమ్మె గుండా ప్రవహిస్తుంది. దాని గోడలపై ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పలుచని పూత ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్, మండని ఇంధనం, నైట్రోజన్ ఆక్సైడ్లను ఈ పూత చాలావరకు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్‌లుగా మారుస్తుంది. దిమ్మె సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితేనే ఈ చర్య ఊపందుకుంటుంది. భారత్‌లో 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు.

సూపర్‌ఛార్జర్‌తో ఇబ్బంది ఎక్కడ?

టర్బోఛార్జర్ పొగ ప్రవాహంతో తిరుగుతూ దాని వేడిలో కొంత భాగాన్ని తానే తీసుకుంటుంది. సూపర్‌ఛార్జర్ సాధారణంగా ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది కనుక, పెరిగిన పొగ, పెరిగిన వేడి నేరుగా కన్వర్టర్‌ను చేరుతాయి.

అంతకన్నా పెద్ద ప్రమాదం మండని పెట్రోలు, ఆక్సిజన్ కలిసి రావడం. అధిక పీడనంలో స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ తప్పినా, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉన్న క్షణంలో తాజా గాలి నేరుగా బయటికి జారిపోయినా, ఇంధనం కన్వర్టర్ లోపలే మండుతుంది. సిరామిక్ దిమ్మె కరగడానికి సుమారు 1,450 డిగ్రీలు కావాలి. అయితే 1,000 డిగ్రీల దరిదాపుల్లోనే విలువైన లోహాల సూక్ష్మకణాలు ఒకదానికొకటి అతుక్కొని, పూత పనితనం తగ్గిపోతుంది.

వేడితో పాటు విషపదార్థాల బెడదా ఉంది. ఇంజిన్ ఆయిల్ మండితే అందులోని ఫాస్ఫరస్, జింక్ పూతపై పేరుకుంటాయి. సెన్సర్లకు సురక్షితం కాని సిలికాన్ సీలెంట్, సీసం కలిసిన రేసింగ్ పెట్రోలు కూడా పూతను చెడగొడతాయి.

సిరామిక్ మేలా, లోహం మేలా?

సిరామిక్ దిమ్మె చవక. సాధారణ వాడకానికి సరిపోతుంది. అయితే ఒక్కసారిగా పెరిగే వేడికి, కుదుపులకు పగిలే అవకాశం ఉంది. ఇనుము, క్రోమియం, అల్యూమినియం మిశ్రమంతో చేసిన రేకు దిమ్మె గోడలు పలుచన కాబట్టి పొగకు ఎక్కువ దారి ఇస్తుంది, త్వరగా వేడెక్కుతుంది, కుదుపులను తట్టుకుంటుంది. శక్తి పెంచిన కారుకు ఇదే తగినది. కొనేటప్పుడు రేకు పొరలను బ్రేజింగ్‌తో అతికించారో లేదో అడగాలి. కేవలం చుట్టి దూర్చిన దిమ్మె పొగ ఒత్తిడికి వెనక్కి జారిపోవచ్చు.

చదరపు అంగుళానికి 400 రంధ్రాలున్న దిమ్మె పొగను బాగా శుద్ధి చేస్తుంది. 200 రంధ్రాల దిమ్మె ప్రవాహాన్ని సులభం చేసినా శుద్ధి చేసే ఉపరితలం తగ్గుతుంది. రంధ్రాలు తగ్గించడం కన్నా, 300 నుంచి 400 రంధ్రాలుండి వ్యాసం, పొడవు పెద్దవైన దిమ్మెను ఎంచుకోవడం మేలు. పొగ ఎక్కువ ఉపరితలంపై పరుచుకుంటే వేడి ఒకే చోట కేంద్రీకరించదు. పాత కారు ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి కాక, పెరిగిన శక్తిని బట్టి పరిమాణం నిర్ణయించాలి.

బిగించే ముందు

ఇంజిన్‌కు తగిన స్పార్క్ ప్లగ్‌లు, ఇంధన పంపు, ఇంజెక్టర్లు ఉన్నాయో లేదో చూడాలి. గాలి, ఇంధన నిష్పత్తిని వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో పూర్తి భారంపై కొలవాలి. సూపర్‌ఛార్జర్ సీళ్ల నుంచి ఆయిల్ కారకూడదు. ఎగ్జాస్ట్ అతుకుల్లో గాలి చొరబడితే సెన్సర్ తప్పు సమాచారమిస్తుంది. హెచ్చరిక దీపం వెలగకుండా వెనుక సెన్సర్‌ను మభ్యపెట్టే పరికరాలు లోపాన్ని దాచేవే తప్ప సరిచేసేవి కావు.

చట్టం ఏమంటోంది?

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ నియమాన్ని ధ్రువీకరించింది. వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించే వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడిపితే 190వ సెక్షన్ కింద మొదటి నేరానికి మూడు నెలల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. కాబట్టి మార్పులకు ముందే ప్రాంతీయ రవాణా కార్యాలయాన్ని సంప్రదించాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో కారు నడిపే తెలుగువారు మరో విషయం గమనించాలి: అక్కడ బయట కొన్న కన్వర్టర్‌కు ఆ రాష్ట్ర వాయు వనరుల మండలి ఆమోద సంఖ్య ఉండాలి, అది ఆ కారు నమూనాకు వర్తించాలి.

కన్వర్టర్‌ను తీసేసి ఖాళీ గొట్టం బిగించడం కొందరికి చవకైన మార్గంగా తోస్తుంది. ఆ విషవాయువులను మాత్రం వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారులు, దారిన నడిచేవారు పీల్చుకోవలసి వస్తుంది.